డబ్బా మీద రాయని దినుసులు

ప్లాస్టిక్‌ను మెత్తబరిచేవి, ఎండకు కాపాడేవి, మంటను ఆపేవి, రంగు తెచ్చేవి... అన్నీ పక్కనుంచి కలిపే రసాయనాలే. అవి లేకపోతే ప్లాస్టిక్‌ ఎందుకూ కొరగాదు. అవేమిటో మాత్రం కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు.

2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల వేళ. విశాఖపట్నం శివారు ఆర్‌.ఆర్‌.వెంకటాపురం గాఢనిద్రలో ఉంది. కళ్లు మండి, గొంతు పట్టేసి లేచినవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వీధుల్లోకి పరుగులు తీశారు. దారిలోనే కుప్పకూలినవాళ్లు కొందరు. పక్కనే ఉన్న ఎల్‌జీ పాలిమర్స్‌ కర్మాగారం ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్‌ ఆవిరి ఊరిని కమ్మేసింది. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఆ దుర్ఘటన గురించి చాలా రాశారు, చాలా మాట్లాడారు. ఒక రసాయనం పేరు మాత్రం నివేదికల పేజీల్లోనే ఉండిపోయింది. టెర్షియరీ బ్యుటైల్‌ కాటెకాల్‌. కర్మాగారాల్లో టీబీసీ అంటారు. స్టైరీన్‌ అనేది పాలిస్టైరీన్‌కు, థర్మకోల్‌కు ముడిసరుకు. ట్యాంకులో ఊరికే నిల్వ ఉన్నా దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుపోవాలని చూస్తాయి. అతుక్కున్నప్పుడల్లా వేడి పుడుతుంది. వేడి పెరిగితే అతుక్కోవడం ఇంకా జోరందుకుంటుంది. ఆ గొలుసు మొదలు కాకుండా చూడటానికే టీబీసీ కలుపుతారు. ఎంత? పది నుంచి పదిహేను పీపీఎం. అంటే టన్ను స్టైరీన్‌కు పది, పదిహేను గ్రాములు. రోజులు గడిచేకొద్దీ అదీ ఖర్చయిపోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు కొలవాలి, తగ్గితే మళ్లీ కలపాలి. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉన్న ఆ వారాల్లో ట్యాంకులో టీబీసీ చాలినంత లేదని, ప్లాంటులో దాని నిల్వే లేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్‌ కమిటీ తేల్చింది. చల్లబరిచే వ్యవస్థ తీరును, ట్యాంకు నిర్మాణాన్ని, ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాట్లను కూడా తప్పుపట్టింది. ఆ రాత్రి ట్యాంకులో వేడి 150 డిగ్రీలు దాటింది.

టన్నుకు పదిహేను గ్రాములు. ప్లాస్టిక్‌ పరిశ్రమంతా ఇలాంటి చిన్న చిన్న మోతాదుల మీదే నడుస్తోంది. మనం బకెట్‌ను చూస్తాం, పైపును చూస్తాం, కుర్చీని చూస్తాం. వాటిలో కలిపినదాన్ని చూడం. పరిశ్రమ భాషలో వాటిని అడిటివ్‌లంటారు. మన ఆరోగ్యానికి, పొలానికి, తాగే నీటికి సంబంధించిన ప్రశ్నల్లో సగం ఆ అడిటివ్‌ల దగ్గరే తేలాల్సినవి.

కర్పూరంతో మొదలు

పాలిమర్‌ను మాత్రమే తీసుకుని వస్తువు పోస్తే ఏమవుతుంది? పాలీప్రొపిలీన్‌ కుర్చీ కొద్ది కాలానికే పెళుసుబారి విరిగిపోతుంది. పీవీసీ అయితే అసలు అచ్చులోకే రాదు. కరిగేలోపే మాడి హైడ్రోక్లోరిక్‌ ఆమ్లం కక్కుతుంది. అందుకే ఏదో ఒకటి కలపక తప్పదు. రోలాండ్‌ గేయర్‌ బృందం 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం, నూలుపోగుల రూపంలో వాడేవి మినహాయిస్తే ప్లాస్టిక్‌ బరువులో సగటున ఏడు శాతం అడిటివ్‌లే. అందులో ముప్పాతిక భాగం మూడు రకాలవి: మెత్తబరిచే ప్లాస్టిసైజర్లు, బరువు పెంచి ఖర్చు తగ్గించే ఫిల్లర్లు, మంటను ఆపేవి.

మొట్టమొదటి ప్లాస్టిసైజర్‌ మన పూజగదిలో ఉన్నదే. 19వ శతాబ్దంలో అమెరికాలో బిలియర్డ్స్‌ ఆటకు బంతులన్నీ ఏనుగు దంతంతో చేసేవారు. దంతానికి బదులు వేరేదేదైనా కనిపెట్టినవాళ్లకు 10 వేల డాలర్ల బహుమతి అని ఒక కంపెనీ ప్రకటించింది. ఆల్బనీ పట్టణంలో అచ్చు పని చేసే జాన్‌ వెస్లీ హయత్‌ ఆ పట్టు పట్టాడు. పత్తి నుంచి చేసే నైట్రో సెల్యులోజ్‌ అప్పటికే ఉంది, కానీ ఆరితే బిరుసెక్కి పగిలేది. హయత్‌ దానికి కర్పూరం కలిపి వేడిమీద నొక్కాడు. చెప్పినట్టు వినే పదార్థం తయారైంది. 1870లో పేటెంటు వచ్చింది. దాని పేరు సెల్యులాయిడ్‌.

దువ్వెనలు, బొమ్మలు, కాలర్లు, ఆ తర్వాత సినిమా రీళ్లు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చిన 1932 నాటికి సినిమా హాళ్లలో తిరిగే 35 ఎంఎం రీలు నైట్రో సెల్యులోజ్‌దే. దాన్ని వంగేలా చేసింది కర్పూరమే. కర్పూర వృక్షాల అడవులున్న తైవాన్‌ను ఏలుతున్న జపాన్‌ 1899లో కర్పూరం వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. ప్లాస్టిక్‌కు కలిపే దినుసు కోసం ఒక దేశం తన వ్యాపార విధానాన్నే మార్చుకున్న తొలి సందర్భాల్లో అదొకటి. టేబుల్‌ టెన్నిస్‌ బంతి అయితే 2014 దాకా సెల్యులాయిడ్‌తోనే వచ్చేది. పాత బంతి చితికితే ముక్కుకు తగిలే ఆ ఘాటు కర్పూరానిదే.

డీఓపీ

రెండో మలుపు 1926లో, అమెరికాలోని ఏక్రన్‌లో. గుడ్‌రిచ్‌ రబ్బరు కంపెనీలో పనిచేసే వాల్డో సెమన్‌ రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతున్నాడు. ఎవరికీ అక్కరలేని గట్టి పొడిగా పడి ఉన్న పీవీసీని, ఎక్కువ వేడికి గానీ మరగని ఒక ద్రావకంలో కాచాడు. చల్లారాక చూస్తే జిగురు లేదు. వంచితే వంగే, వదిలితే మళ్లీ యథాస్థితికి వచ్చే ముద్ద ఉంది. రెయిన్‌కోట్లు, వైర్ల తొడుగులు, రెక్సిన్‌, గొట్టాలు అన్నీ ఆ ముద్దలోంచి పుట్టుకొచ్చినవే.

ఈ మెత్తదనానికి తర్వాతి దశాబ్దాల్లో రాజుగా నిలిచింది డై ఇథైల్‌ హెగ్జైల్‌ థాలేట్‌. వ్యాపారులు, ఫ్యాక్టరీవాళ్లు డీఓపీ అనే పిలుస్తారు. నీళ్లలా పారదర్శకంగా, నూనెలా జిడ్డుగా ఉంటుంది. దాని తయారీకి కావాల్సిన రెండు ముడిసరుకుల్లో ఒకటైన 2-ఇథైల్‌ హెగ్జనాల్‌ను విశాఖపట్నంలోని ఆంధ్రా పెట్రోకెమికల్స్‌ తయారు చేస్తుంది. అలా మెత్తటి పీవీసీ కథలో తెలుగునేలకూ వాటా ఉంది.

డీఓపీని అర్థం చేసుకోవడానికి ఒక్క విషయం తెలిస్తే చాలు. పీవీసీ గొలుసుల మధ్య అది ఇరుక్కుని ఉంటుందే తప్ప వాటితో రసాయనికంగా ముడిపడదు. తడిబట్టలో నీళ్లున్నట్టే ఉంటుంది. కాబట్టి వేడికి, నూనెకు, కాలానికి మెల్లగా బయటికొచ్చేస్తుంది. ఆటో సీటు రెక్సిన్‌ కొత్తలో మెత్తగా ఉండి, కొన్ని ఎండాకాలాలు గడిచేసరికి ఎందుకు బిరుసెక్కి పగుళ్లిస్తుందో ఇక చెప్పనక్కరలేదు. కొత్త కారు తలుపు తీయగానే వచ్చే వాసనలోనూ ఇలా ఆవిరయ్యే పదార్థాల పాలు ఉంటుంది. మూసి ఉంచిన కారు అద్దాల లోపలివైపు పేరుకునే పల్చటి మసకా ఆ బాపతే.

మెత్తటి పీవీసీలో డీఓపీ లాంటిది మూడో వంతు దాకా ఉంటుంది. అంత మోతాదు ఉన్న వస్తువుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది రక్తం సంచి.

1950 దాకా రక్తాన్ని గాజు సీసాల్లో పట్టేవారు. సీసాలు పగిలేవి, గాలి బుడగలు చేరేవి. అమెరికన్‌ సర్జన్‌ కార్ల్‌ వాల్టర్‌, డాక్టర్‌ విలియం మర్ఫీ కలిసి పీవీసీ సంచిని రూపొందించాక రక్తాన్ని ప్లాస్మా, ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలుగా విడదీసి ఒకే దాత రక్తాన్ని ముగ్గురికి ఎక్కించడం తేలికైంది. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్‌ సంస్థ ఈ సంచుల సాంకేతికతను అభివృద్ధి చేసి పరిశ్రమకు అందించింది. దాంతో విదేశాల నుంచి తెప్పించుకునే అవసరం తగ్గింది.

1970లో జాన్స్‌ హాప్కిన్స్‌ విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్‌ జేగర్‌, రాబర్ట్‌ రూబిన్‌ ఒక సంగతి బయటపెట్టారు. సంచిలోని డీఓపీ రక్తంలోకి దిగుతోంది, రక్తం ఎక్కించుకున్నవాళ్ల కణజాలంలో కనిపిస్తోంది. ఇక సంచులు మార్చేయడమే కదా అనిపిస్తుంది. కానీ కథ అక్కడ అడ్డం తిరిగింది. రక్తంలోకి దిగిన ఆ డీఓపీయే ఎర్రకణాల పొరను పట్టి ఉంచుతోందని, అది లేని సంచుల్లో కణాలు త్వరగా చిట్లుతున్నాయని తర్వాతి పరిశోధనలు చూపాయి. ఎర్రకణాలను 42 రోజులు నిల్వ చేయగలగడంలో దాని సాయం ఉంది. ప్రమాదం జరిగిన రాత్రి ఆసుపత్రి ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్న సంచి ప్రాణం నిలబెడుతుంది. ఆ సంచి మీద ‘విషం’ అని ముద్ర కొట్టి పక్కన పెట్టేయడం ఎవరి తరమూ కాదు.

అలాగని ఏమీ కాదని కూడా అనలేం. ఎలుకల మీద ప్రయోగాల్లో డీఓపీ లాంటి థాలేట్లు మగ పిల్లల జననాంగాల ఎదుగుదలను దెబ్బతీశాయి. గర్భిణుల శరీరంలో థాలేట్ల మోతాదుకు, వారికి పుట్టిన మగ పిల్లల శరీర కొలతలకు సంబంధం ఉందని షానా స్వాన్‌ బృందం 2005లో చూపింది. నెలలు నిండకుండా పుట్టి, ఇంక్యుబేటర్‌లో ఒకేసారి నాలుగైదు పీవీసీ గొట్టాల మీద బతికే మగశిశువు విషయంలో ప్రత్యేక జాగ్రత్త కావాలని అమెరికా ఎఫ్‌డీఏ 2002లోనే ఆసుపత్రులను హెచ్చరించింది. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం సెలైన్‌ సంచుల్లో డీఈహెచ్‌పీని, అంటే ఈ డీఓపీనే, 2030 నుంచి నిషేధిస్తుంది. రక్తం సంచులను మాత్రం మినహాయించింది. దేనికి ప్రత్యామ్నాయం ఉందో, దేనికి ఇంకా లేదో చూసి గీసిన గీత అది. అడిటివ్‌ల మీద మాట్లాడే ప్రతి ఒక్కరూ నేర్చుకోవాల్సిన పద్ధతి అదేనని గట్టిగా చెప్పవచ్చు.

ఇదే డీఓపీ 2011 మే నెలలో తైవాన్‌ను గడగడలాడించింది. అక్కడి ఆహార ప్రయోగశాలలో ఒక ఉద్యోగిని ప్రోబయోటిక్‌ పొడిలో నిషేధిత మందులేమైనా కలిపారేమోనని పరీక్షిస్తోంది. యంత్రం గీసిన గ్రాఫులో ఉండకూడని చోట ఒక శిఖరం లేచింది. తన పని కాదని వదిలేయవచ్చు. ఆమె వదల్లేదు. ఆరా తీస్తే అది డీఓపీ. పళ్లరసాలు చిక్కగా, మబ్బుగా కనిపించడానికి పామాయిల్‌తో చేసే పదార్థం కలుపుతారు. సరఫరాదారు పామాయిల్‌ ఖర్చు మిగుల్చుకోవడానికి దాని బదులు ఫ్యాక్టరీ ప్లాస్టిసైజర్‌ పోశాడు. రసాలు, జెల్లీలు, ఆటగాళ్ల పానీయాలు లారీల కొద్దీ అంగళ్ల నుంచి వెనక్కి వచ్చాయి.

పైపులో సీసం

పీవీసీ పైపుల ఫ్యాక్టరీలోకి వెళితే మొదట కనిపించేది తెల్లటి పొడి. పెద్ద మిక్సర్‌లో పీవీసీ రెజిన్‌, కాల్షియం కార్బొనేట్‌ పొడి, స్టియరేట్‌, మైనం పడతాయి. వాటితోపాటు ‘వన్‌ ప్యాక్‌’ అని పిలిచే స్టెబిలైజర్‌ పొట్లం పడుతుంది. మిక్సర్‌ గిర్రున తిరిగి ఆ రాపిడికే పొడి వేడెక్కుతుంది. అక్కడి నుంచి ఎక్స్‌ట్రూడర్‌ గొట్టంలోని జంట స్క్రూల మధ్యకు. 170 నుంచి 200 డిగ్రీల వేడిలో పిండిలా నలిగి, అచ్చులోంచి పైపుగా బయటికొచ్చి నీటి తొట్టెలో చల్లారుతుంది. పొట్లంలోని స్టెబిలైజర్‌ లేకపోతే ఈ ప్రయాణంలో సగం దూరం కూడా పోకుండానే పైపు గోధుమరంగుకు తిరిగి మాడిపోతుంది.

ఆ పొట్లంలో దశాబ్దాలపాటు ఉన్నది సీసం లవణాలు. చవక. పనితనం గట్టిది. పీవీసీ నుంచి విడివడే ఆమ్లాన్ని సీసం పట్టేసుకుని, నీటిలో అంతగా కరగని, కరెంటును ప్రసరింపనివ్వని క్లోరైడ్‌గా మారుతుంది. వైర్ల తొడుగుల్లోనూ అందుకే సీసాన్ని ఇష్టపడ్డారు. కానీ సీసానికి సురక్షిత మోతాదు అంటూ లేదని వైద్యశాస్త్రం తేల్చేసింది. పిల్లల మెదడు మీద అది చేసే దెబ్బకు చికిత్స లేదు. కొత్త పైపులో నుంచి తొలిరోజుల్లో పారే నీటిలో, ఎండ పడి పాడైన పైపులో అది బయటికొస్తుంది. ఇక పైపు కోసేటప్పుడు లేచే పొడిని పీల్చే ప్లంబరు సంగతి, పాత పైపులు గ్రైండింగ్‌ చేసే కూలీ సంగతి ఎవరూ రాయరు.

యూరప్‌ పరిశ్రమ 2015 చివరికల్లా సీసం స్టెబిలైజర్లను తనంతట తానే మానేసింది. కాల్షియం-జింక్‌ స్టెబిలైజర్లు వాటి స్థానంలోకి వచ్చాయి. మన దగ్గర విషయం జాతీయ హరిత ట్రైబ్యునల్‌ దాకా వెళ్లింది. ఆ తర్వాత, 2021లో కేంద్ర పర్యావరణ శాఖ పీవీసీ పైపులు, ఫిటింగుల్లో సీసం స్టెబిలైజర్లపై నిబంధనలు తెచ్చింది. ఇంటి పైపులైను వేయించుకునేటప్పుడు ధర, మందం, బ్రాండ్‌ అడుగుతాం. ‘సీసం లేనిదేనా’ అన్న ప్రశ్న కూడా దుకాణంలో రోజూ వినిపిస్తే కంపెనీలకు ఆ మాట చేరుతుంది.

ఎండకు గొడుగు

తెలుగు రాష్ట్రాల ఎండ ప్లాస్టిక్‌కు పెద్ద పరీక్ష. టెంటు హౌస్‌ కుర్చీ మీద కూర్చుని లేస్తే ప్యాంటుకు తెల్లటి పొడి అంటుకోవడం అందరూ చూసే ఉంటారు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు పాలీప్రొపిలీన్‌ గొలుసులను తెంచేస్తాయి. పైపొర చితికి, లోపల ఖర్చు తగ్గించడానికి కలిపిన కాల్షియం కార్బొనేట్‌ ఫిల్లర్‌ బయటపడుతుంది. దీన్ని ఆపడానికి హాల్స్‌ అనే తరగతి స్టెబిలైజర్లున్నాయి. గొలుసును తెంచడానికి వచ్చిన ప్రతి చురుకైన కణాన్ని పట్టి నిర్వీర్యం చేసి, మళ్లీ తన పాత రూపానికి వచ్చి ఇంకోదాని కోసం కాచుకుంటాయి. కొద్ది మోతాదు ఏళ్ల తరబడి పనిచేసేది అందుకే. ఒకే అచ్చులోంచి వచ్చి, ఒకే రంగులో ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి పదేళ్లు నిలిచి, మరొకటి రెండో వేసవికే కాలు విరగ్గొట్టుకుందంటే తేడా సాధారణంగా ఈ స్టెబిలైజర్‌ దగ్గర, ఫిల్లర్‌ దగ్గర, మళ్లీ మళ్లీ కరిగించిన పాత దానా (ప్లాస్టిక్‌ గుళికలు) దగ్గర ఉంటుంది. కంటికి మాత్రం రెండూ ఒకటే.

అనంతపురం జిల్లా చీనీ తోటల్లో మైళ్ల కొద్దీ పరుచుకున్న డ్రిప్‌ పైపులు నల్లగా ఉండటానికీ కారణం ఎండే. పాలిథిలీన్‌ పైపులకు రెండు నుంచి మూడు శాతం కార్బన్‌ బ్లాక్‌ కలపాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. చాలినంత గాలి అందకుండా నూనెను కాల్చితే వచ్చే అతి సన్నటి మసి అది. ఎండను అక్కడికక్కడే తాగేసి గొలుసు దాకా పోనివ్వదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలయ్యాక లక్షల ఎకరాలకు డ్రిప్‌ చేరింది. నీటికి కరవైన ఆ నేలల్లో తోటలు నిలబడటంలో ఈ మసికీ భాగం ఉంది. అదే చేలో మిర్చి, పుచ్చ మొక్కల కింద పరిచే వెండిరంగు మల్చింగ్‌ షీటు మాత్రం అంత మందం ఉండదు. ఒకటి రెండు పంటలకే చిరిగి పీలికలై మట్టిలో కలుస్తుంది, తనలో కలిపినవన్నీ వెంటబెట్టుకుని.

ఎండ నుంచి కాపాడే రసాయనాల్లోనూ మంచివీ చెడ్డవీ ఉన్నాయి. యూవీ-328 అనేది కార్ల పెయింట్లలో, ప్లాస్టిక్‌ రేకుల్లో విరివిగా వాడిన పదార్థం. అది ప్రకృతిలో విచ్ఛిన్నం కాదు, జీవుల కొవ్వులో పేరుకుంటుంది. సముద్రపు చెత్త ద్వారా మనుషులు లేని దూర ద్వీపాలకూ చేరింది. టోక్యో వ్యవసాయ సాంకేతిక విశ్వవిద్యాలయ ఆచార్యుడు హిదెషిగె తకద బృందం, సముద్రపక్షులు ప్లాస్టిక్‌ ముక్కలు మింగితే వాటిలోని అడిటివ్‌లు కాలేయంలోకి, కొవ్వులోకి చేరతాయని పక్షి పిల్లల మీద చేసిన అధ్యయనంలో చూపింది. 2023లో స్టాక్‌హోమ్‌ ఒప్పందం కింద యూవీ-328ను నిర్మూలించాల్సిన జాబితాలో చేర్చారు. క్లోరిన్‌, బ్రోమిన్‌ వంటివేవీ లేకుండానే ఆ జాబితాకెక్కిన తొలి రసాయనం ఇదే.

మంటను ఆపేవి

ఇంటి వైరింగ్‌ చుట్ట మీద ఎఫ్‌ఆర్‌, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్‌ అన్న అక్షరాలుంటాయి. మంటను పాకనివ్వదని, రెండోదైతే పొగ కూడా తక్కువని అర్థం. ఆ గుణం వైరు తొడుగులో కలిపిన రసాయనాలది. షార్ట్‌ సర్క్యూట్‌ అయినప్పుడు ఇల్లు తగలబడకుండా ఆపే పదార్థాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ అడిటివ్‌ల చరిత్రలో చేదు పాఠాలు ఎక్కువున్నది ఈ అధ్యాయంలోనే.

1973. అమెరికాలోని మిషిగన్‌ రాష్ట్రం. మిషిగన్‌ కెమికల్‌ కంపెనీ రెండు సరుకులు అమ్మేది. ఒకటి పశువుల దాణాలో కలిపే మెగ్నీషియం ఆక్సైడ్‌, పేరు న్యూట్రిమాస్టర్‌. రెండోది ప్లాస్టిక్‌ మండకుండా కలిపే బ్రోమిన్‌ రసాయనం పీబీబీ, పేరు ఫైర్‌మాస్టర్‌. ఒక సరుకు సంచులు మరో సరుకు లారీలో దాణా మిల్లుకు వెళ్లిపోయాయి. కొన్ని వారాలకు ఆవులు మేత మానేశాయి, పాలు పడిపోయాయి, గిట్టలు వంకర తిరిగాయి, దూడలు చనిపోయాయి. ఏ పశువైద్యుడికీ అంతుపట్టలేదు. కెమికల్‌ ఇంజినీరింగ్‌ చదివి పాడి చేసుకుంటున్న ఫ్రెడరిక్‌ హాల్బర్ట్‌ అనే రైతు తన దాణా మీదే అనుమానపడి, నెలల తరబడి ఒక ప్రయోగశాల తర్వాత మరో ప్రయోగశాల తిరిగాడు. 1974 వసంతానికి గానీ అది పీబీబీ అని తేలలేదు. అప్పటికే రాష్ట్రమంతా ఆ పాలు తాగింది, ఆ మాంసం తింది. సుమారు 30 వేల ఆవులను, 15 లక్షల కోళ్లను చంపి పూడ్చిపెట్టారు. ఆనాటి కుటుంబాల ఆరోగ్యాన్ని ఎమొరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు నేటికీ గమనిస్తూనే ఉన్నారు.

ఆ వెంటే మరొకటి. పిల్లలు రాత్రిపూట వేసుకునే దుస్తులకు ‘ట్రిస్‌’ అనే మంటనిరోధకం పట్టించేవారు. అది డీఎన్‌ఏను దెబ్బతీస్తుందని ఆర్లీన్‌ బ్లమ్‌, బ్రూస్‌ ఏమ్స్‌ 1977 జనవరిలో ‘సైన్స్‌’ పత్రికలో రాశారు. ఏప్రిల్‌లోనే నిషేధం వచ్చింది. ఈ బ్లమ్‌ పర్వతారోహకురాలు కూడా. మరుసటి ఏడాదే మహిళల బృందాన్ని వెంటబెట్టుకుని అన్నపూర్ణ యాత్రకు నాయకత్వం వహించారు. ఒక రసాయనాన్ని తీసేస్తే దాని పినతండ్రి బిడ్డ లాంటిది మార్కెట్‌లోకి రావడం ఆమె అప్పటి నుంచి చూస్తూనే ఉన్నారు. ట్రిస్‌ పోయి క్లోరినేటెడ్‌ ట్రిస్‌ వచ్చింది. దాన్ని పిల్లల దుస్తుల్లోంచి తీసేస్తే సోఫాల నురగలో తేలింది.

నిషేధించాక కూడా ఇవి పోవు. పాత టీవీ డబ్బాలు, కంప్యూటర్‌ తొడుగులు చెత్తలోకి, చెత్తలోంచి గ్రైండింగ్‌కు, గ్రైండింగ్‌ నుంచి నల్లటి దానాగా మళ్లీ మార్కెట్‌కు వస్తాయి. ఆ దానాలో బ్రోమిన్‌ రసాయనాలున్నాయా లేదా అని ఎవరూ పరీక్షించరు. నల్లరంగును పట్టుకోలేక ఆధునిక సార్టింగ్‌ యంత్రాలు కూడా తడబడతాయి. 26 దేశాల్లో కొన్న రూబిక్‌ క్యూబ్‌ తరహా పిల్లల బొమ్మలను ఐపెన్‌ అనే స్వచ్ఛంద సంస్థల వేదిక 2017లో పరీక్షిస్తే, అత్యధిక భాగంలో ఈ పాత మంటనిరోధకాలు దొరికాయి. క్యూబ్‌కు మంటనిరోధకం అవసరం లేదు. ఎవరూ కావాలని కలపనూ లేదు. రీసైక్లింగ్‌ మోసుకొచ్చింది.

హైదరాబాద్‌ కాటేదాన్‌లో రీసైక్లింగ్‌ యూనిట్లున్నాయి. నగరం పారేసిన ప్లాస్టిక్‌ను మళ్లీ పనికొచ్చేలా చేస్తున్న చోటు అది. అక్కడి కార్మికుడు చేసేది సమాజానికి మేలు. కానీ అతని చేతికి వచ్చే సంచిలో ఏ తరం టీవీ ముక్కలున్నాయో, వాటిలో ఏం కలిపారో చెప్పే కాగితం ఒక్కటీ వెంటరాదు. వాసన చూసి, నీళ్లలో ముంచి తేలుతుందో మునుగుతుందో చూసి, అంచు కాల్చి పాలిమర్‌ ఏదో చెప్పగల నేర్పు ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఉంది. లోపలి అడిటివ్‌ను పట్టడం ముక్కు వల్ల కాదు.

భయం కూడా లెక్క ప్రకారమే ఉండాలి. 2024 అక్టోబరులో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం నల్లటి ప్లాస్టిక్‌ గరిటెల్లో మంటనిరోధకాలున్నాయని చెప్పింది. ప్రపంచమంతా గరిటెలు పారేసింది. తర్వాత చూస్తే ఒక గుణకారం తప్పు. ఏడు వేలను అరవైతో హెచ్చిస్తే 4 లక్షల 20 వేలు రావాలి, వాళ్లు 42 వేలు వేశారు. సురక్షిత పరిమితికి దగ్గరగా ఉందన్న మోతాదు నిజానికి అందులో పదో వంతు కూడా లేదు. పత్రిక డిసెంబరులో సవరణ వేసింది. అయినా గరిటెలో ఆ రసాయనానికి పనేమిటన్న ప్రశ్న సవరణతో పోలేదు.

వంటింట్లో ఏది భయం, ఏది కాదు

నీళ్ల సీసా అడుగున ‘పెట్‌’ అని ఉంటే థాలేట్లున్నాయని చాలామంది అపోహపడతారు. ఆ పాలిమర్‌ పూర్తి పేరులో థాలేట్‌ వినిపిస్తుందేగానీ దాన్ని మెత్తబరచడానికి డీఓపీ కలపరు. కూరగాయల కవరు పాలిథిలీన్‌ది, అది తనంతట తానే మెత్తన. అందులోనూ ప్లాస్టిసైజర్‌ అవసరం లేదు. కిరాణా కొట్టతను వేలు తడి చేసుకుని కవరు అంచును రుద్దితే అది టక్కున విచ్చుకుంటుంది. రెండు పొరలు అతుక్కోకుండా చేసేది ఎరుకమైడ్‌ అనే మైనం లాంటి పదార్థం. ఆవజాతికి చెందిన రేప్‌సీడ్‌ నూనె నుంచి తీస్తారు.

కవరుతో ఇబ్బంది వేరే చోట ఉంది. నాసిరకం రీసైకిల్డ్‌ దానాతో, ఊరూపేరూ లేని రంగులతో చేసిన కవర్లలో పొగలు కక్కే సాంబారు, నూనె కారే బజ్జీలు పోయడం. వేడి, నూనె, సమయం మూడూ కలిస్తే ఏ అడిటివ్‌ అయినా కదులుతుంది. హోటళ్లు ఇడ్లీ పాత్రలో గుడ్డకు బదులు పాలిథిన్‌ షీటు పరచడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో నిషేధించింది అందుకే. ఆహారాన్ని తాకే ప్యాకింగ్‌ నుంచి కిలో ఆహారంలోకి అన్నీ కలిపి 60 మిల్లీగ్రాములకు మించి దిగకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనలు చెబుతాయి. పాలసీసాల్లో బిస్‌ఫెనాల్‌-ఏ అనే రసాయనం ఉండకూడదని బీఐఎస్‌ 2015లో ప్రమాణం మార్చింది. బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి, థాలేట్ల పరీక్ష అందులో భాగం. జాతరలో, ఫుట్‌పాత్‌ మీద గుట్టగా పోసి అమ్మే మెత్తటి బొమ్మ మీద ఆ మార్కు ఉందో లేదో తిప్పి చూడటం పెద్ద పని కాదు.

చిట్టా కావాలి

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2023 నివేదిక ప్లాస్టిక్‌లతో ముడిపడిన రసాయనాలు 13 వేలకు పైగా ఉన్నాయంది. మరుసటి ఏడాది ప్లాస్ట్‌కెమ్‌ అనే శాస్త్రవేత్తల బృందం ఆ సంఖ్యను 16 వేలు దాటించింది. అందులో 4,200కు పైగా ఆందోళన కలిగించేవని తేల్చింది. చాలావాటి గురించి ఆధారాలే అందుబాటులో లేవు. ప్రపంచ ప్లాస్టిక్‌ ఒప్పందం చర్చలు 2024 డిసెంబరులో బూసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో ఎటూ తేలకుండా ఆగిపోవడానికి ఉన్న పీటముడుల్లో ఈ రసాయనాల నియంత్రణ ఒకటి.

ఒప్పందం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. యూరప్‌లో 2021 జనవరి నుంచి, ఆందోళనకర రసాయనం 0.1 శాతం మించి ఉన్న వస్తువును అమ్మే కంపెనీ ఆ సంగతిని ప్రభుత్వ డేటాబేస్‌లో నమోదు చేయాల్సిందే. రీసైక్లర్‌ కూడా అది తెరిచి చూసుకోవచ్చు. మన దేశంలో రసాయనాల నిర్వహణ, భద్రత నిబంధనలు 2020లో ముసాయిదాగా వచ్చి ముసాయిదాగానే ఉండిపోయాయి. వాటిని కదిలించడం కేంద్రం చేతిలో పని. అంతకన్నా తేలికైనది ఇంకోటుంది. 2025 జులై 1 నుంచి ప్లాస్టిక్‌ ప్యాకేజింగ్‌ మీద తయారీదారు వివరాలు, మందం, రిజిస్ట్రేషన్‌ సంఖ్యను బార్‌కోడ్‌ లేదా క్యూఆర్‌ కోడ్‌ రూపంలో ఇచ్చే వీలును నిబంధనలే కల్పించాయి. అదే కోడ్‌లో ప్లాస్టిసైజర్‌ ఏది, స్టెబిలైజర్‌ ఏది, రంగు ఏది, మంటనిరోధకం ఉందా లేదా అన్న నాలుగు వరుసలు చేర్చవచ్చు. ఆ కోడ్‌ను ప్యాకింగ్‌తో ఆపకుండా పైపుల మీదికి, బొమ్మల మీదికి, టీవీ డబ్బాల మీదికి తీసుకురావచ్చు. కాటేదాన్‌ కార్మికుడి దగ్గరా స్మార్ట్‌ఫోన్‌ ఉంది.